"మేము వచ్చిన బస్సు": ఇంగ్లీషు క్లాజులో విభక్తి ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: విశాఖ మద్దిలపాలెంలో పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. "మేము వచ్చిన బస్సు" అన్నదాన్ని దాదాపు అందరూ "ది బస్ వి కేమ్" అని రాసి ఊరుకుంటున్నారు. అది ఎందుకు చాలదో వారికి తెలుగులోనే వివరించే మార్గం ఉందా, పెద్దలు చెప్పగలరు.

జవాబు: ఉందండీ. మేము వచ్చిన బస్సు, మేము వచ్చిన దారి, మేము వచ్చిన పని, మేము వచ్చిన రోజు అనే నాలుగు మాటలనూ బల్ల మీద వరుసగా రాయించండి. నాలుగింటిలోనూ "వచ్చిన" ఒక్కటే అయినా, బస్సులో వచ్చాం, దారిన వచ్చాం, పని మీద వచ్చాం, రోజున వచ్చాం అని విడదీస్తే తప్ప ఆ విభక్తులు పైకి కనబడవు; "వచ్చిన" వంటి మన ధాతుజ విశేషణం, అంటే క్రియ నుంచి పుట్టిన విశేషణం, వాటిని మింగేస్తుంది, వినేవారు సందర్భాన్ని బట్టి పూరించుకుంటారు. ఇంగ్లీషు రెలటివ్ క్లాజు, అంటే నామాన్ని వర్ణించే ఉపవాక్యం, నామానికి తరువాత వస్తుంది, కాలాన్ని చూపే క్రియను తనలోనే ఉంచుకుంటుంది, మన విభక్తి పని చేసే "ఇన్" వంటి ప్రిపొజిషన్‌ను సాధారణంగా వదులుకోదు. అందుకే "ది బస్ వి కేమ్ ఇన్" అనాలి. గ్రాంథికంగా రాస్తే "ది బస్ ఇన్ విచ్ వి కేమ్" అవుతుంది. "ది డే వి కేమ్" మాత్రం ప్రిపొజిషన్ లేకుండానే చెల్లుతుంది, తెలివైన పిల్లవాడు ఆ ప్రశ్న తప్పక వేస్తాడు కనుక సిద్ధంగా ఉండండి. ముందుగా "బస్సులో వచ్చాం" అనే పూర్తి వాక్యాన్ని ఇంగ్లీషులో రాయించి, తరువాత బస్సును ముందుకు లాగమంటే, "ఇన్" తన చోటనే మిగిలిపోవడం వారికే కనిపిస్తుంది.

ప్రశ్న: మరి ఈ రెలటివ్ క్లాజుకు కామా పెట్టే సంగతి?

జవాబు: అక్కడ తెలుగు మనకు అంతగా సాయపడదు. "గాజువాకలో ఉన్న మా అన్నయ్య" అన్నప్పుడు అన్నయ్య ఒక్కడో ఇద్దరో తెలియదు. "మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ గాజువాక" అని కామా లేకుండా రాస్తే ఇంకొక సోదరుడు కూడా ఉన్నాడని పాఠకుడు అర్థం చేసుకుంటాడు. కామాల మధ్య పెడితే ఆ క్లాజు అదనపు సమాచారం మాత్రమే. బీచి రోడ్డులో మ్యూజియంగా ఉన్న జలాంతర్గామిని గురించి "కురుసుర, విచ్ వాజ్ డీకమిషన్డ్ ఇన్ 2001," అని కామాలతో రాయడం ఇందుకే, పేరు చెప్పాక ఏదో గుర్తుపట్టించే పని క్లాజుకు ఉండదు. అలాంటి చోట "విచ్" బదులు "దట్" వాడరు.