మిక్సీలో తిప్పిన నీళ్లు: 4 కిలోజౌళ్లు ఎటు పోయినట్టు?

మిర్యాలగూడలో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్తాను. పొయ్యి మీద కాచినా, బ్లేడుతో తిప్పినా 36 డిగ్రీల నీళ్లు 36 డిగ్రీల నీళ్లే, అంతర్గత శక్తి (నీళ్లలోపల ఉన్న మొత్తం శక్తి) స్థితిని బట్టే తప్ప దారిని బట్టి ఉండదని చూపిద్దామనుకున్న. శాస్త్రవేత్త జౌల్ 1840లలో నీళ్లను తెడ్లతో తిప్పి చేసిందే, నాది మిక్సీతో.

అర లీటరు నీళ్లు, 2 నిమిషాలు, 29 నుంచి 36 డిగ్రీలు. అంటే నీళ్లకు చేరింది 14.65 కిలోజౌళ్లు. ఇంట్లో అన్నీ బంద్ చేసి కరెంటు మీటర్ ఎర్ర లైటు లెక్కపెట్టిన (యూనిట్‌కు 3200 మినుకులు, ఒక్కోటి 1125 జౌళ్లు): 32 మినుకులు, 36 కిలోజౌళ్లు. ఖాళీ జార్ తిప్పితే 14 మినుకులే. తేడా 20.25 కిలోజౌళ్లు, ఇదంతా నీళ్లకు, జార్‌కే పోవాలి. స్టీలు జార్ వేడెక్కడానికి 1.4 తీసేసినా ఇంకా 4 పైచిలుకు తేలట్లేదు.

జార్‌కు టవల్ చుట్టిన, మూత బిగించిన, మోటార్ పూర్తిగా చల్లారినంక మూడుసార్లు చేసిన. మినుకు ఒకటి అటూఇటూ, అంతే. కింద మోటార్ మాత్రం నీళ్లున్నప్పుడే ఎక్కువ కాలుతుంది, నా అనుమానం దానిమీదే.

లోడ్ పడితే మోటార్ నష్టం కూడా పెరుగుతుందా, అట్లయితే ఖాళీ జార్ లెక్క తీసేయకుండా నీళ్లకు చేరిన పనిని ఇంట్లో సామానుతోనే ఎట్ల కొలవాలి?