బడ్జెట్ మొత్తం రెండు లక్ష్యాలకే పోతోంది, తప్పు ఎక్కడుంది?

ప్రశ్న:
వైజాగ్‌లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఫైనలియర్ అండీ. ప్రాజెక్టుకి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు తీసుకున్నాను, 2015లో ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు ఒప్పుకున్న 17 లక్ష్యాలు, గడువు 2030. ఊహించుకున్న ఒక పేద దేశం దగ్గరున్న డబ్బుని ఈ పదిహేడింటికీ ఎలా పంచితే అన్నీ కలిపి ఎక్కువ ముందుకెళ్తాయో లీనియర్ ప్రోగ్రామింగ్‌లో (హద్దులు దాటకుండా ఒక మొత్తాన్ని వీలైనంత పెంచే లెక్క, అన్నీ సరళరేఖల్లా పెరుగుతాయనుకుని) రాశాను. ఒక్కోదానికి ఒక వెయిటు, కోటి రూపాయలకి ఎంత మెరుగవుతుందో ఒక అంకె, కన్‌స్ట్రెయింట్లు, అంటే దాటకూడని హద్దులు, రెండే: మొత్తం బడ్జెట్, శిక్షణ ఉన్న సిబ్బంది. లెక్క చేసే సాఫ్ట్‌వేర్ (సాల్వర్) డబ్బంతా తాగునీటికీ కరెంటుకీ పెట్టేసి మిగతా పదిహేనుకీ సున్నా ఇచ్చింది. వెయిట్లు మార్చి చూశాను, పేర్లు మారాయి గానీ మళ్లీ రెండే. బడికీ ఆస్పత్రికీ రూపాయి ఇవ్వని ప్లాను పట్టుకుని వైవాకి ఎలా వెళ్లాలో తెలియట్లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. కోడ్‌లో తప్పా, ఆలోచనలోనే తప్పా?

జవాబు 1:
కోడ్ బాగానే ఉంది తమ్ముడూ, నువ్వు రాసిన లెక్కకి అదే సరైన జవాబు. లీనియర్ ప్రోగ్రామింగ్‌లో ఉత్తమ జవాబు హద్దులు కలిసే ఒక మూలలో దొరుకుతుంది, 1947లో గణితవేత్త డాంట్జిగ్ కనిపెట్టిన సింప్లెక్స్ పద్ధతి ఆ మూలల వెంటే నడుస్తుంది. మూలలో సున్నా కాని వేరియబుల్స్ (నీ లెక్కలో ఒక్కో లక్ష్యానికి పెట్టే డబ్బు) కన్‌స్ట్రెయింట్ల సంఖ్యని మించవు. నీకు కన్‌స్ట్రెయింట్లు రెండు, అందుకే లక్ష్యాలూ రెండు.
పొరపాటల్లా మొదటి కోటికీ వందో కోటికీ ఒకే ఫలితం వస్తుందనుకోవడంలో ఉంది. నీళ్లే లేని ఊరికి మొదటి బోరు ప్రాణం, ఐదో బోరుతో పెద్దగా మారేదేమీ లేదు. ఒక్కో లక్ష్యం ఖర్చుని మూడు నాలుగు ముక్కలు చేసి, ముక్క ముక్కకీ ఫలితం తగ్గేలా అంకెలు ఇవ్వు. లెక్క లీనియర్‌గానే ఉంటుంది, మంచి ముక్కల్ని సాల్వరే ముందు నింపుకుంటుంది. సగం కట్టిన ఆస్పత్రి లాంటివి మాత్రం ఇందులో ఇమడవు, వాటికి 0 (కట్టొద్దు) లేదా 1 (పూర్తిగా కట్టాలి) తీసుకునే వేరియబుల్ పెట్టాలి.

జవాబు 2:
ముక్కలు చేయడం సరే గానీ, అసలు "అన్నీ కలిపి" అనే మాట దగ్గరే నాకు అభ్యంతరం. శిశు మరణాలనీ మెగావాట్లనీ ఒకే కూడికలో వేస్తే ఏం తెలుస్తుంది? ముందు అన్నిటినీ 0 నుంచి 100 స్కేలు మీదకి తెచ్చి, ఏ లక్ష్యం ఎంత వెనకబడిందో ఆ లోటు కొలిచి, అన్నిటిలో పెద్ద లోటుని తగ్గించమని అడగండి. గోల్ ప్రోగ్రామింగ్‌లో ఇదొక పద్ధతి.
ఇంకోటి, కరెంటుని ఒకే వేరియబుల్‌గా పెట్టకండి. మన వైజాగ్ దగ్గర సింహాద్రి థర్మల్ ప్లాంటులో 2000 మెగావాట్లు బొగ్గు మీదే నడుస్తాయి, అక్కడి రిజర్వాయర్ మీదే 2021లో 25 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు వచ్చింది. రెండూ కరెంటు లక్ష్యానికి పనికొస్తాయి, కానీ మొదటిది వాతావరణ లక్ష్యాన్ని వెనక్కి లాగుతుంది. ఆ మైనస్ అంకె మోడల్‌లో కనపడాలి.

జవాబు 3:
నాకు గణితం పెద్దగా రాదు బాబూ, పాడేరు వైపు కొన్నేళ్లు నర్సుగా పనిచేశాను. నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో కొండ దించుకొచ్చిన రోజులు కళ్లారా చూశాను, అందుకే చెప్తున్నా. తొమ్మిది ఊళ్లకి ఆస్పత్రి 3 కిలోమీటర్లు, పదో ఊరికి 40 అనుకోండి, సగటు 6.7 వస్తుంది, కాగితం మీద చాలా బాగుంటుంది. ఆ పదో ఊరు ఎప్పుడూ కొండ మీదే ఉంటుంది. సగటు ఒక్కటే చూడకండి, అందరికన్నా దూరంగా ఉన్న ఊరికి ఎంత దూరమో కూడా లెక్కలో పెట్టండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
అందరికీ చాలా థ్యాంక్సండీ. నర్సమ్మ గారూ, మీరు చెప్పినట్టు దేశాన్ని మైదానం, కొండ ప్రాంతం అని విడగొట్టి, ఏ ప్రాంతంలోనూ ఏ లక్ష్యమూ ఇంతకన్నా కిందకి పోకూడదని కనీస హద్దు పెట్టాను. ఖర్చుని ముక్కలు చేసి, పెద్ద లోటు తగ్గించమని మళ్లీ రన్ చేస్తే పదిహేడింటికీ డబ్బు వచ్చింది. నేను అనుకోనిది ఇంకోటి బయటపడింది: బడ్జెట్ షాడో ప్రైస్ (ఆ హద్దుని కొంచెం పెంచితే ఫలితం ఎంత మెరుగవుతుందో చెప్పే అంకె) సున్నా, కొంత డబ్బు మిగిలిపోయింది కూడా. ముడి పడింది సిబ్బంది దగ్గర. అంటే నా దేశానికి ఇంకో కోటి ఇచ్చినా లాభం లేదు, ముందు నర్సులూ టీచర్లూ తయారవ్వాలి. దానికి మూడు నాలుగేళ్లు పడుతుంది కాబట్టి ఇప్పుడు వేరియబుల్స్‌ని 2030 దాకా ఏడాదికొకటిగా విడగొడుతున్నాను, ఈ ఏడాది శిక్షణకి పెట్టిన ఖర్చు ఆ తర్వాతి ఏళ్లలో సిబ్బందిగా కలిసేలా.