కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన: తాగవచ్చా, పారబోయాలా?

మేడమీదకాపురం
వారం నుంచి మా వీధి కుళాయి నీళ్ళు ఈతకొలను వాసన కొడుతున్నాయి. కృష్ణా నీళ్ళే, వానలు పడ్డాక ఇలా మారాయి. రోజు విడిచి రోజు గంటసేపు వదులుతారు. ధార సన్నంగా ఉంటుంది కాబట్టి కుళాయికి మోటారు బిగించి సంపులోకి లాగి, అక్కడినుంచి మేడమీది ట్యాంకుకు ఎక్కిస్తాం. ఇంట్లో పది నెలల పాప ఉంది. ఈ మందు నీళ్ళతో పాపకు ఉగ్గు కలపవద్దని మా అత్తగారు పట్టుబట్టారు. క్లోరిన్‌తో క్యాన్సర్ వస్తుందని ఫోనులో చదివి నాకు నిద్ర లేదు. వాసన ప్రమాదమా? కాచితే పోతుందా? ఆర్వో పెట్టించాలా?

పాతబావి
వాసన వస్తోందంటే పురుగు చచ్చినట్టే, సంతోషించండి. మా ఊళ్ళో వానాకాలం మొదలవగానే మా నాన్నగారు బావిలో రెండు గుప్పెళ్ళు బ్లీచింగ్ పౌడర్ చల్లేవారు. ఎవరూ తూచలేదు, ఎవరూ చావలేదు. మీ సంపులో కూడా ఒక గుప్పెడు వేయండి.

తెల్లకోటు
ముప్ఫై ఒక్క సంవత్సరాలు నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసినవాడిని కనుక కాస్త వినండి. పాతబావిగారూ, గుప్పెడంటే ఎవరి గుప్పెడు? మీదా, మీ మనవడిదా? వెయ్యి లీటర్ల తేటనీటికి మంచి బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములు చాలు. కొత్త పొడిలో దాదాపు మూడోవంతు క్లోరిన్ ఉంటుంది. సంచి మూతి కట్టకుండా నెలల తరబడి మూలన పడేస్తే మిగిలేది సున్నం. పొడిని నేరుగా చల్లరు కూడా. ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, మడ్డి అడుగుకు దిగాక పై తేటను మాత్రం వాడాలి. తరువాత అరగంట ఆగాలి. ఇక ఆ అమ్మాయికి ఇదేదీ అక్కరలేదు, ఆమె కుళాయిలో క్లోరిన్ వస్తూనే ఉంది.

కామెర్లతల్లి
అందరూ వాసన దగ్గరే ఆగిపోయారు. మోటారు మాట ఒక్కరూ చదవలేదా? కుళాయికి నేరుగా మోటారు బిగించారట! గొట్టంలో నీళ్ళు సన్నగా ఉన్నప్పుడు మోటారు పీలిస్తే, ఎక్కడ పగులుంటే అక్కడి నుంచి మురికి లోపలికి వస్తుంది. మా వీధిలో తాగునీటి గొట్టం మురుగు కాలువలోంచే పోయింది. రెండేళ్ళ క్రితం మా అబ్బాయికి పచ్చకామెర్లు వచ్చి ఇరవై రోజులు మంచం దిగలేదు. పక్కవీధిలో ఒక గర్భిణి పరిస్థితి ఇంకా ఘోరం. మా వీధిలో ఎనిమిది మోటార్లు ఉండేవి. మీరు మీ పాప గురించి అడుగుతున్నారు, మీ మోటారు పీల్చిన మురికి ఏ ఇంటి పాపకు పోతోందో అడిగారా?

మేడమీదకాపురం
అమ్మా, నేను క్లోరిన్ గురించి అడిగాను, నేరం ఒప్పుకోవడానికి రాలేదు. వీధిలో అందరూ బిగించారు. మేము ఒక్కరమే తీసేస్తే మాకు బిందెడు నీళ్ళు కూడా రావు. వచ్చి చూడండి.

కామెర్లతల్లి
అందరూ ఇదే అంటారు. మా వీధి ఎనిమిది మందీ ఇదే అన్నారు.

పాతబావి
ఆవిడను ఎందుకు తిడతారు? నీళ్ళు సరిగా వదలనివాళ్ళను తిట్టండి. గంటసేపు వదిలి నలభై ఏడు గంటలు గొట్టం ఖాళీగా ఉంచితే మోటారు లేకపోయినా మురికి ఊరుతుంది.

తెల్లకోటు
ఈ ఒక్క విషయంలో పాతబావిగారు సరిగ్గానే చెప్పారు, నాకే ఆశ్చర్యంగా ఉంది. అందుకే చివరి ఇంటి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశ ప్రమాణం చెబుతుంది. శుద్ధి కేంద్రంలో చంపడానికి ఒక మోతాదు, దారిలో కాపలాకు ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన గరిష్ఠ విలువ లీటరుకు 5 మిల్లీగ్రాములు. వాసన అంతకంటే చాలా ముందే ముక్కుకు తగులుతుంది. పైగా ఘాటు వాసన వచ్చినంత మాత్రాన మందు ఎక్కువైందని కాదు. వానలకు నదిలోకి కుళ్ళు, అమ్మోనియా చేరితే క్లోరిన్ దానితో కలిసి క్లోరమీన్లు పుడతాయి. చాలాసార్లు ముక్కు పట్టేది వాటినే.

క్యాన్లబండి
నేను ఇరవై లీటర్ల క్యాన్ల వ్యాపారం చేస్తాను. మా నీళ్ళలో ఏ వాసనా ఉండదు. ఈ గొడవంతా ఎందుకు?

తెల్లకోటు
వాసన లేదంటే కాపలా కూడా లేదనే కదా బాబూ. ఆర్వో పొరను క్లోరిన్ పాడుచేస్తుందని ముందే బొగ్గు గొట్టంలో దాన్ని తీసేస్తారు. తరువాత ఆ క్యాను సరిగా కడగకపోతే, మూత సరిగా పడకపోతే లోపల పెరిగేవాటిని ఆపేది ఏముంది? మీరు క్యాన్లను దేనితో కడుగుతారు?

క్యాన్లబండి
శుభ్రంగానే కడుగుతాం.

తెల్లకోటు
దేనితో అని అడిగాను.

నల్లగొండబిడ్డ
మీకు వాసన బాధ. మా అమ్మకు నలభై ఏళ్ళకే నడుము వంగింది. ఫ్లోరైడ్‌కు వాసన లేదు, రుచి లేదు. క్లోరిన్ డబ్బాలకొద్దీ పోసినా అది పోదు, కాచితే ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తీసే విధానానికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ పద్ధతి అని. పేరు మాకు మిగిలింది, నది నీళ్ళు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. ఆ నీళ్ళలో క్లోరిన్ వాసన వచ్చిన రోజు మా ఇంట్లో పండగ.

గండిపేట
గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ వదలడని ఊరికే అనలేదు. ఒక ముచ్చట చెప్పనా? 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచింది. ఆ దెబ్బతోనే ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట చెరువు, కట్టారు, 1920లో పూర్తయింది. సరిగ్గా ఆ వరద వచ్చిన 1908 సెప్టెంబరులోనే అమెరికాలోని జెర్సీ సిటీ నీళ్ళలో రోజూ క్లోరిన్ కలపడం మొదలుపెట్టారు. ఈ మందు మంచిదా కాదా అని అక్కడ కోర్టులో కూడా వాదన నడిచింది. చివరికి కలిపినవాళ్ళే గెలిచారు.

ఎర్రచేప
కాలిఫోర్నియా నుంచి. మా వైపు 2004 నుంచి క్లోరమీనే కలుపుతున్నారు. ఊళ్ళో అలవాటు ప్రకారం బకెట్టు నీళ్ళు రాత్రంతా ఆరుబయట ఉంచి పొద్దున తొట్టెలో పోశాను. నాలుగు చేపలూ పోయాయి. క్లోరిన్ అయితే ఆవిరైపోతుంది, క్లోరమీన్ అంత తేలిగ్గా పోదని అప్పుడు తెలిసింది. మరి మనుషులకు మంచిదేనా?

తెల్లకోటు
చేపకు మొప్పల ద్వారా నేరుగా రక్తంలోకి పోతుంది, మనకు కడుపులో చాలావరకు విరిగిపోతుంది. డయాలిసిస్ చేసేచోట మాత్రం రెండింటినీ పూర్తిగా తీసెయ్యాలి.
క్యాన్సర్ సంగతి ఎవరూ చెప్పలేదు కనుక చెబుతాను. అది పూర్తిగా పుకారు కాదు. ఆకు, బురద ఉన్న నీళ్ళలో క్లోరిన్ కలిస్తే క్లోరోఫాం వంటివి పుడతాయని 1974లో రోటర్‌డామ్‌లో రూక్ అనే రసాయన శాస్త్రవేత్త బయటపెట్టాడు. అవి ఎక్కువగా ఉన్న నీళ్ళు దశాబ్దాల పాటు తాగినవారిలో మూత్రాశయ క్యాన్సర్ కొంత ఎక్కువని కొన్ని అధ్యయనాలు చూపాయి. అందుకే క్లోరిన్ కలిపేముందే పటికతో బురద దించి వడకట్టాలి. బురదనీటిలో గుప్పెడు చల్లడం అన్నిటికంటే చెడ్డపని.

పాతబావి
మళ్ళీ నా గుప్పెడు మీదికే వచ్చారు. మా నాన్నగారు తొంభై ఒకటి బతికారు.

తెల్లకోటు
బావి గొప్పతనం అయి ఉంటుంది. అమ్మా, పాపకు మాత్రం ఆ నీళ్ళే మరిగించి, చల్లార్చి, మూతపెట్టి ఆ రోజుకారోజు వాడండి. వాసనా పోతుంది, క్లోరోఫామూ చాలావరకు ఎగిరిపోతుంది. మరిగాక కాపలా ఉండదు కనుక చెయ్యి ముంచవద్దు. మందుల దుకాణంలోనో, నీటి పరికరాలు అమ్మేచోటో చుక్కల పరీక్ష దొరుకుతుంది. పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. చుక్కలు వేసిన నీళ్ళు తాగకండి.

మేడమీదకాపురం
నాలుగు రోజుల తరువాత వచ్చాను. చుక్కలు తెచ్చాం. వీధి కుళాయి నీళ్ళు నిమ్మపండు రంగుకు వచ్చాయి. సంపులో లేత పసుపు. వంటింటి కుళాయిలో, అంటే మేడమీది ట్యాంకు నీళ్ళలో, రంగే రాలేదు. మా ఆయన పైకెక్కి చూస్తే ట్యాంకు మూత పగిలి ఉంది. అడుగున జానెడు బురద, అందులో చచ్చిన బల్లి. వాసన లేదని ఇన్నాళ్ళూ పాపకు ఆ నీళ్ళే పట్టాం. ట్యాంకు కడిగించాం. మోటారు కూడా తీసేశాం, కామెర్లతల్లిగారూ. ఈరోజు మూడు బిందెలు వచ్చాయి. పక్కింటి మోటారు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

కామెర్లతల్లి
ఆ రోజు కటువుగా మాట్లాడాను, ఏమనుకోకండి. పక్కింట్లో పిల్లలున్నారా?

పాతబావి
బల్లిని తీశాక ట్యాంకులో గుప్పెడు వేశారా?