టి కణమా, బి కణమా? కణాల రకాలను ఎలా తేలుస్తారో చెప్పండి

నమస్తే అండి. నేను కడపలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. మొన్న ల్యాబ్‌లో లీష్మన్ స్టెయిన్ అనే రంగు వేసిన రక్తపు స్మియర్ (గాజు పలకపై పలచగా పూసిన రక్తం) చూపిస్తున్నాను. కేంద్రకం తమ్మెలు చూసి న్యూట్రోఫిల్‌ని, ఎర్రటి రేణువులు చూసి ఇసినోఫిల్‌ని పిల్లలు టకటకా చెప్పేశారు. లింఫోసైట్ (టి, బి కణాలు రెండూ ఈ రకం తెల్ల రక్తకణాలే) దగ్గర మాత్రం ఒకమ్మాయి "ఇది టి కణమా, బి కణమా సార్?" అని అడిగింది. ఆ స్లైడులో అది తేలదు. కణం పైన సీడీ3 ప్రొటీన్ ఉంటే టి, సీడీ19 ఉంటే బి అని, వాటిని మెరిసే యాంటీబాడీలతో గుర్తిస్తారని చెప్పాను.

నా చిక్కు ఆ తర్వాతిది. ఇప్పుడు ఒక్కో కణంలోని ఆర్‌ఎన్‌ఏ (ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూపేది) చదివి, పోలికలున్నవాటిని కంప్యూటర్‌తో గుంపులు చేస్తున్నారు. మనిషి శరీరంలోని కణాల రకాలన్నిటికీ పటం గీసేందుకు 2016లో మొదలైన హ్యూమన్ సెల్ అట్లాస్ ప్రాజెక్టులోనూ ఇది ముఖ్యమైన పద్ధతే. కానీ సెట్టింగ్ మారిస్తే గుంపుల సంఖ్యే మారిపోతుంది కదా! మరి ఒక గుంపు కొత్త రకమా, లేక పాత కణమే కాసేపు వేరే స్థితిలో ఉందా? ఇన్ఫెక్షన్‌తో చురుకైన టి కణంలో జన్యువుల పని చాలా మారుతుంది, అయినా అది టి కణమే. మరి గీత ఎక్కడ గీస్తారు?

ఈ పని చేసేవాళ్లు ఎవరైనా ఒక్క ఉదాహరణతో చెప్పండి. సోమవారం ఆ అమ్మాయికి సరైన జవాబు ఇవ్వాలి.