పాత జీబ్రా బ్లైండ్లకే మోటరు పెట్టించినవాళ్లు ఉన్నారా? తక్కువ ఖర్చులో దారి చెప్పండి

పడమటి_కిటికీ
అందరికీ నమస్కారం. మాది మియాపూర్‌లో ఏడో అంతస్తు ఫ్లాటు. హాలు పడమర వైపు. ఎండాకాలం మధ్యాహ్నం రెండు దాటితే సోఫా మీద చెయ్యి పెట్టలేం. మూడు కిటికీలకూ జీబ్రా బ్లైండ్లు (మందం పట్టీ, పలచటి పట్టీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చే రెండు పొరల గుడ్డ తెరలు) ఉన్నాయి, వేయించి రెండేళ్లే అయింది, గుడ్డ చెక్కుచెదరలేదు. కానీ గొలుసు సోఫా వెనక్కి పడింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, సోఫా ఎక్కి లాగలేదు. మేమిద్దరం ఆఫీసుకు వెళ్లాక ఆవిడ ఆ ఎండలోనే కూర్చుంటోంది. షాపతను పాతవి పీకేసి మోటరువి కొత్తగా వేస్తానని, మూడింటికీ కలిపి 54 వేలు అన్నాడు. నా చేతిలో ఉన్నది 15 వేలు. పాత వాటికే మోటరు పెట్టొచ్చా? కిటికీ పక్కన ప్లగ్ పాయింటు లేదు, ఎలా? వైఫై కావాలా, రిమోటు చాలా? గోడలు కొట్టించే ఓపిక మాత్రం లేదు.

బెజవాడ_శారద
పెట్టొచ్చండీ, నేనే పెట్టుకున్నాను, మనిషిని కూడా పిలవలేదు. మాది మామూలు రోలర్ బ్లైండు. బ్యాటరీ మోటరు ఆన్‌లైన్‌లో 4,300కి తెప్పించాను. బ్లైండుని బ్రాకెట్ నుంచి దించి, గొలుసు తిరిగే ప్లాస్టిక్ చక్రం ఊడదీస్తే అల్యూమినియం గొట్టం ఖాళీగా కనిపిస్తుంది. మోటరు అందులోకి జారిపోతుంది. ఒక్క విషయంలో మాత్రం మోసపోయాను. గొట్టం కొలత టేపుతో బయటినుంచి తీశాను, చుట్టిన గుడ్డతో కలిపి! మొదటి మోటరుతో వచ్చిన రింగులు పెద్దవైపోయి గొట్టంలోకి దూరనే లేదు. వెనక్కి పంపి మళ్లీ తెప్పించాను. కొలిచేది గొట్టం లోపలి వ్యాసం. మాది 38 మిల్లీమీటర్ల గొట్టం, 25 మిల్లీమీటర్ల మోటరు, మధ్య ఖాళీకి రింగులు. ఫోన్ చార్జరుతోనే చార్జింగ్, నాకు ఐదు నెలలు వస్తోంది. మొదటిసారి బటన్ నొక్కి అది పైకి లేచినప్పుడు మా వారిని వంటింట్లోంచి పిలిచి మరీ చూపించాను.

వైర్‌మ్యాన్_14ఏళ్లు
14 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, మూడు జిల్లాల్లో నేను బిగించిన మోటార్లు తిరుగుతున్నాయి. పడమటి కిటికీకి బ్యాటరీ మోటరు వద్దు. ఎండకి అద్దం వెనకాల ఎంత ఉడుకుతుందో ఒకసారి థర్మామీటర్ పెట్టి చూడండి. లిథియం సెల్లుని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు, ఆ వేడిలో ఏళ్ల తరబడి ఉంటే దాని ఆయుష్షు తగ్గుతుంది. 230 వోల్టుల ట్యూబులర్ మోటరు (గొట్టంలోనే ఇమిడే వైరు మోటరు) వేయించుకోండి. పాయింటు లేదన్నారు కదా, గోడ కొట్టక్కర్లేదు. ఏసీ పాయింటు నుంచి తెల్ల కేసింగ్ పట్టీలో వైరు లాగి పెల్మెట్ (కిటికీ పైన ఉండే చెక్క పట్టె) వెనక దాచేస్తే కనపడదు. ఇన్వర్టర్ మీద కూడా నడుస్తుంది. ఇంకో మాట, రెండు మోటార్లని ఒకే స్విచ్చుకి ఇవ్వొద్దు. కాలిపోతాయి.

కేపీహెచ్‌బీ_కార్తీక్
ఎందుకు కాలిపోతాయి అన్నా? మా హాల్లో రెండు మోటార్లు ఒకే స్విచ్చు మీద ఏడాది నుంచి నడుస్తున్నాయి. ఒక్కరోజు కూడా ఆగలేదు. ఇలా భయపెట్టి కిటికీకో స్విచ్చు, స్విచ్చుకో వైరు అని బిల్లు పెంచుతారు.

వైర్‌మ్యాన్_14ఏళ్లు
బిల్లు పెంచుకోవడానికి నేనేమీ మీ ఇంటికి రావట్లేదు. తెలియకపోతే అడగండి, చెప్తాను. మోటరులో ఎత్తడానికి ఒక రాగి తీగ చుట్ట, దించడానికి ఒక చుట్ట, మధ్యలో కెపాసిటర్. ఎత్తే తీగకి కరెంటు ఇస్తే దించే తీగలోకి కూడా వోల్టేజీ వస్తుంది. రెండు మోటార్లు కలిపేస్తే, ఒకటి పైకి చేరి దాని లిమిట్ స్విచ్ (చివరికి రాగానే ఆపేది) ఆపేశాక కూడా, ఇంకా తిరుగుతున్న రెండోది దించే తీగ మీదుగా దానికి కరెంటు పంపిస్తుంది. ఆగాల్సిన మోటరు వెనక్కి తిరగాలని చూస్తుంది, మళ్లీ ఆగుతుంది, అలా కొట్టుకుని కొట్టుకుని ఏదో ఒకరోజు కాంటాక్టులు అతుక్కుపోతాయి. విప్పి చూపించిన మోటార్లు నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి.

కేపీహెచ్‌బీ_కార్తీక్
మీ డబ్బా సంగతి నాకెందుకు? నా కళ్లముందు నడుస్తున్నదాన్ని కాలిపోతుందంటే నమ్మాలా?

రెండుసార్లు_కొన్నాను
కార్తీక్ గారూ, నమ్మండి. మాకు కాలింది. కొత్త ఇంటి పనుల హడావిడిలో ఎలక్ట్రీషియన్ రెండూ ఒకే స్విచ్చుకి కలిపేశాడు, నాలుగు నెలలు బాగానే తిరిగాయి. ఐదో నెలలో ఒకటి పైకి వెళ్లి టకటక కొట్టుకోవడం మొదలైంది, తర్వాత కమురు వాసన. 6,800 మళ్లీ పెట్టాను. మీ మోటరు నుంచి ఎన్ని తీగలు వస్తున్నాయో చూసి చెప్తారా? మాది నాలుగు తీగలది.

కేపీహెచ్‌బీ_కార్తీక్
చూశాను. మూడే. ఎత్తడం, దించడం రిమోటుతోనే, గోడ స్విచ్చు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.

వైర్‌మ్యాన్_14ఏళ్లు
అది చెప్పాలి ముందు! మూడు తీగలంటే రిమోటు సిగ్నల్ అందుకునే రేడియో రిసీవర్ లోపలే ఉన్నది. మీ గోడ స్విచ్చు కరెంటు మాత్రమే ఇస్తోంది, ఎత్తాలా దించాలా అన్నది రిమోటుని బట్టి లోపలి బోర్డు చూసుకుంటుంది. అలాంటివి రెండు మూడు ఒకే లైను మీద ఇవ్వొచ్చు. నేను చెప్పింది నాలుగు తీగలవాటి గురించి.

కేపీహెచ్‌బీ_కార్తీక్
మీరు కూడా మొదటి పోస్టులోనే నాలుగు తీగలవి అని రాసి ఉండాల్సింది. మామూలు మనుషులకు ఎలా తెలుస్తుంది?

పాలకొల్లు_పెంకుటిల్లు
మోటార్ల గొడవలో అసలు మాట మరిచిపోయారు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక బ్లైండు దించి ఏం లాభం? ఆ గుడ్డ వేడెక్కి గదిలోకే ఊదుతుంది. ఆపితే అద్దానికి బయటే ఆపాలి. మా ఇంట్లో ఎండాకాలం వసారాకి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవాళ్లం, ఆ వాసనకే సగం అలసట తీరేది. 15 వేలలో మూడు కిటికీలకూ తడికలు వచ్చి డబ్బు మిగులుతుంది కదా.

ఏడంతస్తుల_పైన
పెద్దవారు, కాదనను, బయట నీడే మేలు. కానీ అపార్ట్‌మెంట్లలో బయట ఏదీ కట్టనివ్వరండీ. నేను వెదురు చిక్ కట్టినందుకు అసోసియేషన్ నోటీసు ఇచ్చింది. ఒక గాలివానకి అది ఊడి కిందింటి వాళ్ల కారు మీద పడింది కూడా. అప్పటినుంచి లోపల తెల్ల లైనింగ్ ఉన్న బ్లాకౌట్ (వెలుతురు రానివ్వని మందపాటి తెర) వేశాను, తెల్లవైపు అద్దానికి ఉండేలా. కొంత వెలుగు వెనక్కి పోతుంది. ఎండ పడకముందే, పన్నెండింటికే దించేస్తాను, రెండింటి దాకా ఆగను.

డాలస్_శ్రీలత
ఇంట్లో పసిపిల్లలుంటే గొలుసు విషయం చిన్నది అనుకోకండి. మా బాబు రెండేళ్లప్పుడు మెడలో గొలుసు వేసుకుని సోఫా మీంచి దూకబోయాడు. పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా చేతులు వణుకుతున్నాయి. ఇక్కడ అమెరికాలో 2018 చివరి నుంచి షాపుల్లో రెడీమేడ్‌గా అమ్మే బ్లైండ్లు తాడు లేకుండా ఉండాలని ప్రమాణం పెట్టుకున్నారు. మోటరు పెట్టాక గొలుసు పూర్తిగా తీసేయండి, అలంకారానికి వదలొద్దు. మోటరు కొనలేకపోతే గొలుసు అడుగున బిగించే క్లిప్పు గోడకి స్క్రూ వేయండి, అది వేలాడకుండా పట్టుకుంటుంది.

టంకం_పెట్టేవాడు
ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నవాళ్లకి నా అనుభవం. 28బీవైజే-48 స్టెప్పర్ మోటరు, దాన్ని నడిపే ఈఎస్పీ అనే చిన్న వైఫై బోర్డు, కలిపి ఐదారొందల్లో చేద్దామని కూర్చున్నాను. ఆ స్టెప్పర్ 5 వోల్టుల చిన్న మోటరు, చిన్న బాత్రూమ్ కిటికీ లేపింది, నాలుగడుగుల బ్లైండు దగ్గర గిలగిలలాడి ఆగింది. తర్వాత 12 వోల్టుల గేర్ మోటరు పెట్టి, పూసల గొలుసుకి సరిపోయే చక్రం త్రీడీ ప్రింట్ తీయించాను. పూసకీ పూసకీ మధ్య దూరం 6 మిల్లీమీటర్లు, అర మిల్లీ తేడా వచ్చినా నాలుగు పూసలు దాటాక జారిపోతుంది. మూడో ప్రింటుకి కుదిరింది. మొత్తం 1,900 అయింది, రెండు నెలల ఆదివారాలు అయ్యాయి. నాకు సంతోషంగానే ఉంది, కానీ అమ్మగారికి రేపే కావాలంటే ఈ దారి కాదు.

పడమటి_కిటికీ
అందరికీ థ్యాంక్స్. కానీ వైఫై సంగతి ఎవరూ చెప్పలేదు. జీబ్రాకి వేరే మోటరు ఉంటుందా?

నాన్నకి_రిమోటు
వైఫైకి డబ్బు పెట్టకండి. నేను పెట్టి చేతులు కాల్చుకున్నాను. ఆ మోటరు 2.4 గిగాహెర్ట్జ్ మీదే కలుస్తుంది, రౌటరు మార్చిన రోజు తెగిపోయింది. నాన్నగారికి యాప్ తెరవడం రాదు, నేను బెంగళూరులో. 433 మెగాహెర్ట్జ్ మామూలు రిమోటు తెచ్చి, పైకి బటన్ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టి, ఆయన కుర్చీ పక్కన గోడకి అంటించాను. ఆరోజు నుంచి నాకు ఫోన్ రాలేదు. తర్వాత ఫోన్‌లో కావాలనిపిస్తే రిమోటు సిగ్నల్ నేర్చుకుని ఫోన్ నుంచి పంపే పెట్టె, బ్రాడ్‌లింక్ ఆర్ఎం4 ప్రో లాంటిది పెట్టుకోవచ్చు, ఆర్ఎం4 మినీ వద్దు, దాంట్లో ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే. ప్రతిసారీ కోడ్ మారే రిమోటయితే అది కూడా నేర్చుకోదు.

బెజవాడ_శారద
జీబ్రాకి కూడా అదే మోటరు. కాకపోతే కొన్నింటిలో గొట్టం సన్నగా ఉంటుంది, ముందు విప్పి చూడండి. లిమిట్ (పైనా కిందా ఎక్కడ ఆగాలో) పెట్టేటప్పుడు కొంచెం కొంచెం కదిలే మోడ్‌లో పెట్టుకోండి, లేకపోతే ముందు పొర, వెనక పొర పట్టీలు ఎదురెదురుగా కుదరవు.

మనవడి_తాతయ్య
వైరు మోటరు పెట్టేవాళ్లకి ఒక మాట. మా మనవడు రిమోటు పట్టుకుని పైకీ కిందికీ ఆడించాడు, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆరు వేలు పోయాయని టెన్షన్ పడ్డాను. అరగంట తర్వాత బటన్ నొక్కితే మామూలుగానే లేచింది. వేడెక్కితే ఆగే ఏర్పాటు లోపల ఉంటుందట, ఏకధాటిగా నాలుగు నిమిషాలు మించి తిప్పకూడదని పెట్టె మీదే రాసి ఉంది.

పడమటి_కిటికీ
అప్‌డేట్. మూడూ ఒకేసారి వద్దనుకున్నాం. సోఫా వెనక కిటికీకి మాత్రమే, రిసీవర్ లోపలే ఉన్న మూడు తీగల వైరు మోటరు, రిమోటుతో 5,600. ఏసీ పాయింటు నుంచి కేసింగ్‌లో వైరు లాగి బిగించినందుకు 900. గొట్టం లోపల కొలిస్తే సరిపోయింది, పాత గుడ్డే. మొదటి రోజు పట్టీలు అంగుళం తేడాగా ఆగాయి, శారద గారు చెప్పినట్టు కొంచెం కొంచెంగా జరిపి మళ్లీ లిమిట్ పెట్టాను. గొలుసు తీసేశాను. నిన్న పన్నెండున్నరకి ఆఫీసులో ఉండగా అమ్మ వీడియో కాల్ చేసింది. ఏమీ మాట్లాడలేదు, ఫోన్ కిటికీ వైపు తిప్పి బటన్ నొక్కింది.

మిగిలిన రెండింటికీ వచ్చే నెల. అదే రిమోటుకి మూడూ కలపొచ్చా, వేరే చానెళ్లు ఉన్నది కొనాలా?

వైర్‌మ్యాన్_14ఏళ్లు
మీది ఒకే చానెల్ రిమోటయితే మూడూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. విడివిడిగా కావాలంటే ఐదు చానెళ్లది తీసుకోండి. రిమోటు ఫొటో పెట్టండి, చెప్తాను.