‘నే పలికిన’ దగ్గర దీర్ఘం ఉందా?

అబిడ్స్ పాఠకురాలు: పోతన ‘పలికెడిది భాగవతమట’ పద్యంలో మూడో పాదం ‘పలికినా భవహర మగునట’ అని నోటికొస్తోంది. అచ్చులో ‘పలికిన’ అని చూసిన గుర్తు. పదో తరగతి పిల్లలకు అపరిచిత గద్యంలో పేరాల సంబంధం చెప్పడానికి ఉదాహరణగా కావాలి. దీర్ఘం పడితే అర్థం మారిపోతుంది కదా?

గణవిభజన: దీర్ఘం పొసగదండీ. ఈ పద్యం కందం. దాని మూడో పాదానికి మూడే గణాలు, ఒక్కోదానికి నాలుగు మాత్రలు (హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు): పలికిన, భవహర, మగునట. ‘పలికినా’ అంటే అయిదు మాత్రలైపోతాయి. రాగం తీసి చదివేటప్పుడు సాగిన అక్షరం అలాగే నోట్లో నిలిచిపోయి ఉంటుంది.

అరసున్న: గణాల సంగతి సరే, ఇక్కడ ‘పలికిన’ చేదర్థకం, అంటే ‘పలికితే’. దీర్ఘం పెడితే అప్యర్థకమైపోతుంది, అంటే ‘పలికినప్పటికీ’. పిల్లలు తప్పేదీ ఇక్కడే. ‘వర్షం కురిసిన పంట పండును’, ‘వర్షం కురిసినా పంట పండలేదు’. ఒక్క దీర్ఘంతో వాక్యం ఎదురు తిరిగింది. మన భాషలో అనుసంధానం సగం అసమాపక క్రియ చివరే ఉంటుంది. ‘కాబట్టి, అందువల్ల’ల కింద మాత్రమే గీత గీయిస్తే ఆ సగం జారిపోతుంది.

మూసీ ఒడ్డు: విడి పదాలనూ వదలొద్దు. ముందు పై పేరా చివరి వాక్యం, కింది పేరా మొదటి వాక్యం జతగా చదివించండి. తరవాత ‘ఆ, ఈ, అలా, ఇందులో’లకు సున్నా చుట్టించి, అవి పైన దేన్ని చూపుతున్నాయో బాణం గీయించండి. మొదటి పేరా 1908 మూసీ వరద గురించి అనుకుందాం. రెండోది ‘ఆ ముంపు మళ్లీ రాకుండా ఎగువన కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది’ అని మొదలైతే, అక్కడ ‘అందువల్ల’ లేదు. ‘ఆ’, ‘రాకుండా’ అనే రెండు మాటలే పేరాలను కలిపాయి. ‘అయితే’ దగ్గర మరో చిక్కు. ‘వరద అయితే’లో షరతు, వాక్యం మొదట్లో వస్తే చాలాసార్లు మలుపు. దాని బదులు ‘కానీ’ పెట్టి చదివిస్తే తేలిపోతుంది. వాక్యాల క్రమం సరిచేయమంటే, ‘కాబట్టి’కి కారణం ముందుంటుంది, ‘ఎందుకంటే’కి తరవాత.

చిక్కడపల్లి: పద్యంలో అసలు చూడాల్సింది ‘నే’. కందం రెండో పాదం చివర గురువు, అంటే రెండు మాత్రల అక్షరం, రావాలి, అందుకే ‘రామభద్రుండట నే’ అని అక్కడ కూర్చుంది. అర్థం మాత్రం మూడో పాదానిది. పాదం దగ్గర ఆపి చదివితే ‘నే’ ఎటూ కాకుండా వేలాడుతుంది. ముందు పిల్లలకు ఇది చూపించండి.

అరసున్న: ‘అట’ను మరిచారు, మూడుసార్లు ఉంది. నాలుగో పాదంలో ‘పలికెద’ దగ్గర మాత్రం లేదు. ‘రచయిత అభిప్రాయం ఏది?’ అని అడిగితే పిల్లలు ‘అట’, ‘అంటారు’, ‘అని వాదన’ ఉన్న వాక్యాన్ని పట్టుకుని మార్కు పోగొట్టుకుంటారు. మన దగ్గర ‘రేపొస్తడంట’ అంటే చెప్పినవాడు పూచీ పడడు. పోతన ‘అట’ కూడా అంతే.

గణవిభజన: ఒప్పుకోను. రామభద్రుడు కనబడి ఆజ్ఞ ఇచ్చిన సంగతి అవతారికలో పోతనే చెప్పాడు. తాను కళ్లారా చూసినదానికే ‘అట’ పెట్టాడంటే అది వినయం.

అరసున్న: వినయమే కావచ్చు. పరీక్షలో మాత్రం ‘అట’ పక్కన ‘ఎవరి మాట?’ అని రాయించక తప్పదు.

అబిడ్స్ పాఠకురాలు: హ్రస్వమే రాసుకుంటాను. మరి చివర ‘బలుకగ నేలా’లో దీర్ఘం?

చిక్కడపల్లి: అదీ గురువు కోసమే. నన్ను వేధించేది ఆ ‘బ’. ‘గాథన్’ చివరి ద్రుతం, అంటే ఆ నకారం, వల్ల పకారం బకారమైంది. ఆ నకారానికి గుర్తుగా ‘గాథ’ పక్కన అరసున్న (ఁ) లేకుండా అచ్చు వేస్తే ఆ ‘బ’ ఎక్కడిదని పిల్లలు అడిగినప్పుడు దేన్ని చూపిస్తాం?