ఐదేళ్లకి 100 ఎంఓసీ (బోర్డు సర్టిఫికెట్ నిలబెట్టుకునే) పాయింట్లు, నాకు 38 మాత్రమే చూపిస్తోంది. హెల్ప్ ప్లీజ్

కిడ్నీడాక్_టెక్సాస్:
అందరికీ నమస్తే. హ్యూస్టన్ దగ్గర నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) ప్రాక్టీస్ నాది. నిన్న రాత్రి ఏబీఐఎం (అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్, దాని శాఖల డాక్టర్లకి సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు) పోర్టల్ తెరిస్తే డిసెంబర్ 31 లోపు 100 పాయింట్లు అవ్వాలని ఉంది, నా ఖాతాలో 38. లైసెన్స్ కోసం రెండేళ్లకి 48 గంటల సీఎంఈ (డాక్టర్లు చేస్తూ ఉండాల్సిన కోర్సులు) ఎప్పటికప్పుడు చేస్తూనే ఉన్నా, సర్టిఫికెట్లన్నీ ఫోల్డర్‌లో ఉన్నాయి, మరి అవన్నీ ఏమైనట్టు? ఇంటర్నల్ మెడిసిన్ బోర్డు సర్టిఫికెట్ కూడా ఉంది నాకు, దానికి వేరే 100 కావాలా? డయాలిసిస్ రౌండ్స్ అయ్యేసరికే రాత్రవుతోంది, నిజంగా భయమేస్తోంది.

డల్లాస్_అక్క:
కంగారు పడకు తమ్ముడూ. అవి పోలేదు, అసలు ఏబీఐఎం దాకా వెళ్లలేదు. సీఎంఈ గంటలు స్టేట్ మెడికల్ బోర్డు లెక్క, ఎంఓసీ ఏబీఐఎం లెక్క, ఒకటి చేస్తే రెండోది దానంతటదే అయిపోదు. ఆ కోర్సు ఎంఓసీకి రిజిస్టర్ అయి ఉండాలి, చివర్లో క్విజ్ పాస్ అవ్వాలి, క్లెయిమ్ పేజీలో ఎంఓసీ బాక్స్ టిక్ పెట్టి నీ ఏబీఐఎం నంబరు, పుట్టిన తేదీ ఇవ్వాలి. నేను మూడేళ్లు ఆ బాక్స్ చూడనే లేదు. కోర్సు పెట్టినవాళ్లకి మెయిల్ పెడితే కొందరు తర్వాతైనా పంపారు, నువ్వూ ఈరోజే పెట్టు. ఏబీఐఎం సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా అన్నిటికీ కలిపి 100 చాలు. ఇంటర్నల్ మెడిసిన్ వదిలేసినా నెఫ్రాలజీ పోదు, కానీ ముందు మీ హాస్పిటల్ బైలాస్ (నిబంధనలు) చూసుకో.

లంగ్స్_న్యూజెర్సీ:
అక్క చెప్పింది కరెక్ట్. దాంతోపాటు సర్టిఫికెట్ కోసం పదేళ్లకోసారి రాసే పరీక్ష బదులు ఎల్‌కేఏ (కొన్ని కొన్ని ప్రశ్నలుగా ఆన్‌లైన్‌లో రాసే ఏబీఐఎం పరీక్ష) చూడండి, 2022లో మొదలైంది. మూడు నెలలకి 30 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 నిమిషాలు, పుస్తకం చూసుకోవచ్చు గానీ ఇంకో మనిషిని అడగకూడదు. కరెక్ట్ ఆన్సర్‌కి 0.2 పాయింట్, అంటే మీ 100లో చాలా వరకు దీంట్లోనే వచ్చేస్తాయి. ఐదేళ్లలో 600 ఇస్తారు, కనీసం 500 తెరవాలి. ఒక్క మాట, డ్యూటీలో అస్సలు తెరవకండి. ఓసారి కాల్ రూమ్‌లో ప్రశ్న తెరిచా, సగం చదివానో లేదో ఐసీయూ నుంచి ఫోన్, వెంటిలేటర్ పేషెంట్‌కి ఆక్సిజన్ సాచురేషన్ పడిపోతోందని పరిగెత్తా, వచ్చేసరికి టైమ్ అయిపోయింది, అది తప్పు కిందే పడింది. ఎక్స్‌ట్రా టైమ్ ఏడాది మొత్తానికి 30 నిమిషాలే. ఇప్పుడు ఆదివారం పొద్దున పిల్లలు లేవకముందు ఐదారు చేస్తున్నా, హాయిగా ఉంది.

కిడ్నీడాక్_టెక్సాస్:
థాంక్యూ అక్కా, థాంక్యూ అన్నా. ఫోల్డర్ మొత్తం తిరగేశా, నాలుగు కోర్సుల మీద ఎంఓసీ అని స్పష్టంగా రాసుంది, నేనే నంబరు ఇవ్వలేదు. నాలుగు మెయిళ్లు పంపేశా, ఒకళ్లు అప్పుడే పుట్టిన తేదీ అడిగారు.